నెంబర్లు లేని కార్లు

నీళ్ళు ఎంత తేలిగ్గా తాగేస్తారు మనుషులు, గ్లాసు ఎత్తి, తల వెనక్కి వాల్చి, ఎంత తాగుతున్నారో చూసుకోకుండా, ఇదిగో ఈ మన్మథరావు గారు విశాఖపట్నం నుంచి పాసింజరు బండిలో వచ్చి, పలాస స్టేషన్ నుంచి ఈ ఎండలో నడిచి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ముందు మంచినీళ్ళు మేడమ్ అన్నాడు, ఇచ్చాను, గటగటా తాగి ఇంకో గ్లాసు అన్నాడు, అదీ ఇచ్చాను, సగం తాగి మిగతా సగం బల్ల మీద పెట్టేశాడు, నీళ్ళు మిగల్చగలగడం ఒక భాగ్యమని ఆయనకు తెలియదు, తెలియవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు, గ్లాసులో ఎన్ని గుక్కలు మిగిలాయో చూడగానే చెప్పే కళ్ళు నాకు మాత్రం ఉండిపోయాయి, మనిషి పోయినా కళ్ళకు పట్టిన కొలత పోలేదు, బడిలో పిల్లలు సీసా ఎత్తి పోసుకుంటూ సగం చొక్కాల మీద ఒలకబోసుకుంటుంటే పాఠం మధ్యలో ఆగిపోతున్నాను, ఏమైంది టీచర్ అని వాళ్ళే అడుగుతున్నారు, ఏమీ కాలేదు, రాసుకోండి అంటున్నాను, ఒంటిపూట బడులు వచ్చాక మధ్యాహ్నాలు మరీ పొడుగయ్యాయి, వజ్రపుకొత్తూరు బస్సు దిగి తాళం తీస్తే ఇంట్లో నా చెప్పుల చప్పుడు నాకే వినిపిస్తుంది, అందుకే ఈయన ఫోను చేసి, జీవన్ కుమార్ గారి ఇల్లేనా అండి, సార్ పోయారని మా బొమ్మకార్లు కట్టేవాళ్ళ గ్రూపులో ఆలస్యంగా తెలిసింది, సార్ దగ్గరున్న కార్ల కిట్లు ఏం చెయ్యదలచుకున్నారు అని అడిగినప్పుడు, వచ్చి పట్టుకెళ్ళండి అన్నాను, అన్నీనా అన్నాడు, అన్నీ అన్నాను, గుర్తుగా ఒక్కటైనా ఉంచుకోరా మేడమ్ అన్నాడు, నా భర్తే పోయాక ఆయన కట్టిన ప్లాస్టిక్ కార్లు నాకు దేన్ని గుర్తు చెయ్యాలి అని నోటిదాకా వచ్చింది, అనలేదు, రెండో శనివారం సెలవు, ఇంట్లోనే ఉంటాను అని మాత్రం చెప్పాను.

ఇప్పుడు భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిపించుకుని ఒక్కో అట్టపెట్టె మూత తీస్తున్నాడు, ఎంత భక్తిగా తీస్తున్నాడో, మూత మీద ఎర్ర కారు బొమ్మ, కారు పక్కన టోపీ పెట్టుకున్న మగమనిషి, వెనక పచ్చిక, ఇంత పొడుగు కారులో వాళ్ళు ఎక్కడికి పోతారో, యాభై ఏడో సంవత్సరం చెవ్రొలెట్ మేడమ్ ఇది, అంటున్నాడు, ఇదేమో యాభై తొమ్మిది కాడిలాక్, ఆ తోకలు చూడండి, చేపకున్నట్టు లేవూ, వాళ్ళ తాతలు తిప్పిన కార్లు, కిట్టు కూడా అరవైల నాటిదే, పెట్టె మూలైనా నలగలేదు, సార్ చెయ్యి చెయ్యేనండి, అవును, ఆయన చెయ్యి నాకు తెలుసు, కుడి చెయ్యి పనిచేసేది, ఎడమ చెయ్యి దిండు మీద ఉండేది, మణికట్టు పైన డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోట వేలు ఆనిస్తే లోపల తేనెటీగ ఉన్నట్టు జుయ్యిమనేది, ఆ చేత్తో బరువెత్తకూడదు, ఆ చెయ్యి కింద పెట్టి పడుకోకూడదు, కానీ ఆ చేతి వేళ్ళ కొసలతోనే గోరంత స్టీరింగు పట్టుకుని, జీడిపప్పు మీద పొట్టు గీరే చిన్న కత్తితో దాని అంచులు నున్నగా గీరేవారు, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో సూపర్వైజరుగా చేసినన్నాళ్ళూ ఆ కత్తి పట్టిన ఆడవాళ్ళ మీద పెత్తనం చేసి, ఉద్యోగం మానేశాక ఆ కత్తి ఒక్కటి ఇంటికి తెచ్చుకున్నారు, అమెరికా వోల్లు దీనికి ఏవో బ్లేడ్లు అమ్ముతారు టీచరమ్మా, మన పప్పు కత్తి ముందు అయ్యన్నీ దిగదుడుపే అనేవారు, నేను పేపర్లు దిద్దుకుంటూ ఊఁ అనేదాన్ని.

ఆ పిచ్చి టెక్కలిలో పుట్టింది, మిషన్ కాంపౌండులో ఆయన తండ్రి తోటమాలి, క్రిస్మస్‌కు అమెరికా సంఘాల నుంచి పార్సెళ్ళు వచ్చేవట, వాడిన స్వెట్టర్లు, సబ్బుబిళ్ళలు, ఒక పక్క రాసేసిన గ్రీటింగు కార్డులు, ఒక ఏడాది వాటి మధ్య కారు బొమ్మ ఉన్న పెట్టె, తీస్తే కారు లేదు, చువ్వలకు అంటుకున్న ముక్కలున్నాయి, విరిగిపోయిందని అందరూ వదిలేస్తే ఈయన తెచ్చుకున్నారు, టైర్లు ఎవరో తీసేసుకున్నారు, సైకిలు పంచరు సొల్యూషనుతో అతికిస్తే ముందు అద్దం కరిగి తెల్లబడిపోయింది, గమ్ముసీసాల మూతలు చక్రాలు చేసి నడిపారు, పెళ్ళైన కొత్తలో ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పారో, ఒక పెట్టెలో మూడు కార్ల సామానుంటాది టీచరమ్మా, షోరూములోంచి వచ్చినట్టు కట్టొచ్చు, సోకు చేసి కట్టొచ్చు, రేసు కారులాగ కట్టొచ్చు, ఏదో ఒకటే కట్టాల, ఓపాలి జిగురు పెట్టీసినాక మిగతా రెండు కార్లూ ఉండవు, అని మూత తీసి చూపిస్తుంటే, మరి మిగిలిన ముక్కలేం చేస్తారు అని అడిగాను, టీచరు ప్రశ్న, దాచుకుంటాం అన్నారు, మిగిలిన ముక్కలు దాచుకోవడం ఇంత కష్టమని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

కిడ్నీలు రెండూ పాడయ్యాయంటే దేవుని చిత్తం అన్నారు చర్చిలో, చిత్తం సరే, ఉద్దానంలో ఇంటింటా ఒకే చిత్తం ఎందుకో ఎవరూ అనలేదు, మా బడిలో హాజరు పిలుస్తుంటే ఫలానా పిల్ల వాళ్ళ నాన్నకు ఇవాళ డయాలసిస్ రోజు టీచర్ అని పక్క పిల్ల జవాబు చెబుతుంది, అంత మామూలైపోయింది, నీళ్ళ వల్లే అన్నారు కొందరు, నేల వల్ల అన్నారు కొందరు, పరీక్షలకని సీసాలతో నీళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళు పట్టుకెళ్ళారు, ఏం తేలిందో మా గుమ్మం దాకా రాలేదు, నీళ్ళ వల్ల జబ్బు చేసిందంటారు, చేశాక నీళ్ళు తాగొద్దంటారు, మొన్న పాస్టరు ప్రభాకరరావు గారు ఇంటికి వచ్చి, మగ్దలీనమ్మా, ఈసారి గుడ్ ఫ్రైడే ఆరాధనలో ఏడు మాటల్లో అయిదో మాట మీరు చెప్పాలమ్మా, మీరు అనుభవించినవారు, మీరు చెబితే సంఘానికి తగులుతుంది అన్నారు, అయిదో మాట దాహం గురించినది, శిలువ మీద ఆయన దాహమని అడిగిన మాట, నేనెందుకండీ, నేను దాహం అనుభవించలేదు, కొలిచాను, అని చెప్పాలనిపించింది, ఆలోచించి చెబుతాను అన్నాను, నా భర్త మాత్రం దాహమని ఎప్పుడూ అనలేదు, అదే చెప్పుకునేదాన్ని స్టాఫు రూములో, ఒక్కసారి కూడా అడగరండీ, ఎంత నిగ్రహమో అని, గణపతిరావు మాస్టారు, మీ క్రమశిక్షణ అమ్మా అది, ఇంట్లో కూడా టీచరే అని నవ్వేవారు, నాకు అది పొగడ్తలాగే వినిపించింది.

కొలవడానికి గాజు బీకరు కొన్నాను, స్టీలు గ్లాసులో అంచనా తప్పుతుందని, పొద్దున బీకరు నింపి మూతపెట్టి వంటింటి అరలో పెట్టేదాన్ని, మాత్రలకు అందులోంచే, గొంతు తడుపుకోవడానికి అందులోంచే, టీ తాగితే ఆ మేరకు తగ్గించి, చారు పోసుకుంటే తగ్గించి, ఒకసారి కర్బూజా ముక్క తింటే దానిలో నీరెంతో లెక్కగట్టి తగ్గించాను, మిగతావి, కుండా, బిందే, ఫ్రిజ్జులో సీసాలూ, వంటింట్లోనే, నేను బడికి వెళ్ళేటప్పుడు వంటింటి తలుపు దగ్గరగా వేసి వెళ్ళేదాన్ని, తాళం వెయ్యలేదు, తాళం వెయ్యవలసిన మనిషి కాదు, చెప్తే వినే మనిషి, అయినా డయాలసిస్ సెంటరులో తూకం ఎక్కిస్తే ముల్లు నా లెక్క దాటిపోయేది, సూది పెట్టే సిస్టరు, ఏటి జీవన్ గారూ, సముద్రం గానీ తాగీసినారేటి అని హాస్యమాడేది, ఆయన నవ్వి, భావనపాడు ఎల్లినాం సిస్టరూ, ఉప్పగున్నాదని వొదిలీసినాం అనేవారు, నేను నవ్వలేకపోయేదాన్ని, ఇంటికొచ్చి మళ్ళీ కూడికలు వేసుకునేదాన్ని, భౌతికశాస్త్రం చెప్పేదాన్ని, లోపలికి వెళ్ళనిది లోపల ఎలా ఉంటుంది, ఎక్కడి నుంచో వెళుతోంది, తూకం యంత్రం తప్పా అని ఇంటికి ఇంకో యంత్రం తెచ్చాను, అదీ అదే చెప్పింది, కాళ్ళు పొంగాయి, పడుకుంటే ఊపిరాడక దిండుకు దిండు ఎత్తు చేసుకుని కూర్చునేవారు, ఎవరో ఇస్తున్నారు, అనుకున్నాను, ఇంట్లో నేను లేనప్పుడు ఉండేది ఒక్క మనిషి.

బ్లెస్సీ, ఆయన చెల్లెలు, పూండి నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చి, నేను బడి నుంచి వచ్చేదాకా అన్న దగ్గర కూర్చునేది, జీడిపిక్కలు కొట్టి కొట్టి ఆ నూనెకు నల్లబడిపోయిన వేళ్ళతో ఆయనకు తల దువ్వేది, బొమ్మ కార్లెట్టుకుని కూకున్నావు, నీకూ నా మనవడికీ తేడా ఏటిరా అన్నా అని ఆటపట్టించేది, ఆ బ్లెస్సీని నేను ఈ హాల్లోనే, ఈ బల్ల దగ్గరే నిలబెట్టి అడిగాను, గొంతు పెంచలేదు, నేను గొంతు పెంచను, బ్లెస్సీ, నీకు అన్న మీద ప్రేమ ఉంటే ఉండవచ్చు, కానీ నువ్వు ఇస్తున్న నీళ్ళు నీళ్ళు కావు అన్నాను, నాను ఇయ్యనేదు వదినా అంది, మరెవరిచ్చారు అన్నాను, నాకేటి తెలుసు, నాను మాత్రం ఇయ్యనేదు, ఏసు సాచ్చిగా ఇయ్యనేదు, అంది, తూకం అబద్ధం చెప్పదు అన్నాను, అప్పుడు చూసింది నా మొహంలోకి, అడిగుంటే ఇచ్చీద్దును వదినా, నీకు సెప్పకుండానే ఇచ్చీద్దును, అడగనేదు, నన్ను ఓపాలీ అడగనేదు, అదే నా ఏడుపు, అంది, నువ్వొక టీచరువి, నీకు నాను సెప్పీదేటున్నాది, నీ బీకరు నువ్వే సూసుకో, అని చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది, ఆ మాట కూడా నేను ఒప్పుకోలుగానే లెక్కేసుకున్నాను, ఇచ్చీద్దును అంది కదా, కిటికీ దగ్గర పప్పు కత్తితో ప్లాస్టిక్ గీరుతున్న చప్పుడు ఆ కాసేపు ఆగింది, ఆయన అన్నీ విన్నారు, ఒక్క మాట అనలేదు, బ్లెస్సీ వెళ్ళాక మళ్ళీ గీరడం మొదలైంది, చెల్లెల్ని నేను అనుమానించినందుకు నా మీద కోపం వచ్చి మాట్లాడలేదనుకున్నాను, క్రిస్మస్‌కు ముందు ఆయన పోయినప్పుడు బ్లెస్సీ సమాధుల దొడ్డికి వచ్చి గోడ దగ్గరే నిలబడింది, అందరూ మట్టి వేశాక వచ్చి పిడికెడు వేసి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది, వెళ్ళనీ అనుకున్నాను, ఆ నీళ్ళే తన అన్నను తీసుకుపోయాయని ఇప్పుడు తెలిసిందేమో అనుకున్నాను, ఎంత శాంతంగా అనుకున్నానో.

మేడమ్, ఒకసారి ఇలా చూస్తారా, అంటున్నాడు మన్మథరావు, వేలితో ఒక కాగితం ఎత్తి పట్టుకున్నాడు, పోస్టు కార్డంత నీలం కాగితం, దాని మీద తెల్లటి గుండ్రాల్లో అంకెలు, పసుపు మంటలు, చిన్న చిన్న నెంబరు ప్లేట్లు, డెకాల్స్, నాకు తెలుసు, నీళ్ళలో నానేస్తే బొమ్మ కాగితం మీంచి జారి వస్తుంది, దాన్ని కారు తలుపు మీద పెట్టి ఒత్తితే రంగు వేసినట్టే అతుక్కుంటుంది, కారు కట్టడంలో చివరి పని, అదయితేనే కారు పూర్తయినట్టు, నాకెందుకు తెలియదు, ఎన్ని సాయంత్రాలు అడిగారు, బడి నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటేనే కిటికీ దగ్గర్నుంచి, టీచరమ్మా, ఒక గిన్నెడు నీల్లు ఎట్టవా, డెకాల్స్ నానెయ్యాల, అని, ఇచ్చేదాన్ని, వెనకా ముందూ ఆలోచించకుండా ఇచ్చేదాన్ని, అవి బీకరు లెక్కలోకి రావు, అవి తాగే నీళ్ళు కావు, పని నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళను లెక్కపెడతామా, పైగా సంతోషంగా ఉండేది, నొప్పులూ వాంతులూ ఉన్న మనిషి ఏదో ఒక పని పూర్తి చేస్తున్నాడని, మొదట్లో గోరువెచ్చగా కాచి ఇచ్చాను, బంక కరగాలి కదా అని, ఏడివి వద్దు, కుండలోవి ఇయ్యి, సల్లటివే బాగుంటాయి అన్నారు, అదేం శాస్త్రం, ద్రవం వేడిగా ఉంటేనే పదార్థం తొందరగా కరుగుతుంది, ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పి చూడండి నవ్వుతారు అన్నాను, ఇది పాత అమెరికా బంక టీచరమ్మా, నీ ఎనిమిదో క్లాసు పాఠం దానికి తెల్దు, అన్నారు, ఇద్దరం నవ్వాం, ఆ ఏడాదంతట్లో మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడేనేమో, కాసేపటికి వెళితే గిన్నె ఖాళీగా బల్ల మీద ఉండేది, నీళ్ళేం చేశారు అంటే, కిటికీలోంచి పారబోసీసినాను, బంక నీల్లు ఎవులు తాగుతారు, అనేవారు.

ఈ పెట్టెల్లోవి ఒక్క డెకాల్ కూడా వాడలేదు మేడమ్ సార్, అంటున్నాడు మన్మథరావు, కట్టేసిన కార్ల పెట్టెల్లో కూడా కొన్నిట్లో షీట్లు అలాగే ఉన్నాయి, ఇదిగో, ఇదీ, ఇదీ, కత్తెర పడలేదు, తడి తగల్లేదు, నేను మామూలుగా ఖాళీ పెట్టెలే ఉంటాయనుకుని వచ్చాను, ఈ కాలం డెకాల్స్ కోసం దేశాలు వెతుకుతారు, మీరు చాలా అదృష్టవంతులండీ, అంటున్నాడు, వాడారండీ అన్నాను నేను, లేదు మేడమ్, చూడండి, అన్నాడు, రోజూ నానేసేవారు అన్నాను, మరి ఎక్కడున్నాయండీ, అన్నాడు, ఏదో ఒక లెక్క తప్పింది, బహుశా రెండేసి షీట్లు ఉంటాయేమో, అన్నాను, ఉండవు మేడమ్, పెట్టెకు ఒకటే, అని, పాతబడి పనికిరాక వదిలేశారేమో, ఒక్క చిన్న ముక్క పరీక్ష చేసి చూద్దామా, మీకు అభ్యంతరం లేకపోతే కొంచెం నీళ్ళు, అన్నాడు, వంటింట్లోకి వెళ్ళాను, చెయ్యి తనంతట తనే అదే గిన్నె తీసింది, అంచు సొట్టపోయిన చిన్న స్టీలు గిన్నె, కుండలో ముంచి తెచ్చి ఆయన ముందు పెట్టాను, వేలు పెట్టి చూసి, అయ్యో చల్లగా ఉన్నాయే, గోరువెచ్చగా కావాలి మేడమ్ అన్నాడు, పాత డెకాల్స్‌కు చల్లటివే మంచివి కదండీ అన్నాను, నా గొంతు పాఠం చెబుతున్నట్టే ఉంది, ఎవరన్నారండీ అలా, చల్లనీళ్ళలో పాతవి బిగుసుకుపోయి పెంకుల్లా పగిలిపోతాయి, గోరువెచ్చటి నీళ్ళు, ఒక్క చుక్క సబ్బు, తొందరపడకూడదు, గ్రూపులో మా అందరికీ నేర్పింది సారేనండీ, కొత్తవాళ్ళు ఎవరు చేరినా సార్ మొదట చెప్పే మాట అదే, అన్నాడు.

గిన్నె పట్టుకెళ్ళి పొయ్యి మీద పెట్టాను, గ్యాసు వెలిగించాను, గిన్నె అడుగున చిన్న బుడగలు పుట్టడం చూశాను, దింపాను, సబ్బు నేనే వేశాను, తెచ్చి ఇచ్చాను, ఆయన గోరంత నెంబరు ప్లేటు ఒకటి కత్తిరించి పట్టకారుతో ముంచాడు, కాగితం ముందు ముడుచుకుంది, తరవాత మెల్లగా చదునైంది, వేలితో ఇలా అన్నాడో లేదో బొమ్మ చెక్కుచెదరకుండా జారి వచ్చింది, అరవై ఏళ్ళ నాటి నెంబరు, తడిసి మెరుస్తూ, బతికున్నాయి మేడమ్, అన్నీ బతికున్నాయి, అని పిల్లాడిలా అరిచాడు, తీసుకెళ్ళి, కట్టేసిన కార్లున్న అద్దాల బీరువాలో ఒక కారు వెనక అతికించి చూడాలనుకున్నాడు కాబోలు, అద్దం జరిపి ఒక కారు తీసి, దీనికి నెంబరే లేదు, ఇలా తిప్పితే టెక్కలి జంక్షన్లోనే పోలీసులు ఆపేస్తారు, సారేంటండీ ఇంత బాగా కట్టి ఆఖరి పని వదిలేశారు, అని నవ్వుతున్నాడు, ఆయన నవ్వు నాకు వినిపిస్తోంది, గిన్నెలో సబ్బు నీళ్ళు కొద్దిగా బంకతో పాలిపోయి ఉన్నాయి, అవును, డెకాల్ ముంచిన నీళ్ళు ఇక దేనికీ పనికిరావు, ఒక గిన్నె నీళ్ళు ఒక పనికే, కారుకైతే కారుకు, గొంతుకైతే గొంతుకు, ఏదో ఒకటే ఎంచుకోవాలి, ఎంచుకున్నాక రెండోది ఉండదు.

బీరువా నా కుర్చీకి ఎదురుగానే ఉంది, ఇన్నాళ్ళూ ఇక్కడే ఉంది, పేపర్లు దిద్దుకుంటూ తలెత్తితే కనిపించేది ఇదే, ఆదివారం ఆరాధన నుంచి వచ్చి పాత బనీను ముక్కతో అద్దం తుడిచేదాన్ని, పై నుంచి కిందికి, మరక లేకుండా, అద్దమే తుడిచాను, ఇప్పుడు లేచి దగ్గరగా నిలబడ్డాను, పై అరలో కార్లకు తలుపుల మీద అంకెలున్నాయి, బానెట్ మీద మంటలున్నాయి, వెనక నెంబరు ప్లేట్లున్నాయి, అవి జబ్బు చెయ్యక ముందు కట్టినవి, కింది అరలోవి ఎడమ చేతికి కుట్లు పడ్డాక కట్టినవి, ఎరుపూ, నీలం, మీగడ రంగూ, మచ్చలేని రంగు, వెంట్రుకంత గీత కూడా తప్పలేదు, ఒక్క తలుపు మీద అంకె లేదు, ఒక్కదానికి నెంబరు లేదు, వరసగా నున్నగా బోసిగా నిలబడి ఉన్నాయి, ఏదీ దాచలేదు ఆయన, వెలుతురు పడే చోట, అద్దం వెనక, నా కళ్ళ ఎదుట పెట్టారు, ఒక్క రోజు తల ఎత్తి, ఏమండీ, రోజూ నానేస్తున్న ఆ నెంబర్లేవీ అని అడిగితే చాలు, బ్లెస్సీ ఇంటికి రావడం మానేది కాదు, ఆయనైనా ఆ రోజు కత్తి ఆపి, అది కాదు టీచరమ్మా అని ఒక్క మాట అని ఉండవచ్చు, అనలేదు, చెల్లెలి మీద నింద పడనిచ్చారు, నిజం చెబితే ఆ గిన్నె ఆగిపోతుందని, అంత భయపడ్డారు గిన్నెడు నీళ్ళకు, చెల్లెల్ని వదులుకునేంత, కట్టిన కార్లన్నీ అసంపూర్తిగా వదిలేసేంత, పంచరు సొల్యూషనుతో మొదటి కారు కట్టిన మనిషి, ఆఖరి పని కోసమే మిగతా పనంతా చేసే మనిషి, మేడమ్, కట్టినవి కూడా పెట్టెల్లో సర్దెయ్యనా, మన్మథరావు అడుగుతున్నాడు, పై అరలోవి తీసుకోండి, కింది అర ముట్టుకోకండి అన్నాను, మరి వాటి డెకాల్స్ అన్నాడు, అవీ ఇక్కడే ఉండనివ్వండి అన్నాను, ఆయన మొహం చిన్నబోయింది, చిన్నబోనీ, బల్ల మీద ఆయన వదిలేసిన సగం గ్లాసు ఇంకా అలాగే ఉంది, పూండికి సాయంత్రం ఆటోలు ఉంటాయి, బ్లెస్సీ తలుపు తీస్తుందో తియ్యదో, తీస్తే ఏం చెప్పాలి, నువ్వు ఇవ్వలేదు, నేనే ఇచ్చాను అని చెప్పాలి, రోజూ, కుండలోవి, నా చేత్తో, నువ్వు ఇచ్చేదానికంటే ఎక్కువే ఇచ్చాను, దాహానికి మాత్రం కాదు, దాహమని అడిగితే నేను బీకరు వైపు చూస్తానని ఆయనకు తెలుసు, స్టాఫు రూములో నిగ్రహమని నేను చెప్పుకున్నది అదే, నన్ను అడిగి లాభం లేదని తెలుసుకోవడం, ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి నా గురించి అంత బాగా తెలుసు, ఆయనకు ఇవ్వని నీళ్ళు నేను కారుకు ఇస్తానని.